మన నీళ్ళ చప్పుడు మన దగ్గర లేదు

నాగార్జునసాగర్ జలాశయం అడుగున ఒక కొలమానాన్ని పడవేసి, అది చెప్పే కబురును గట్టు మీద కూర్చొని వినాలనుకుందాం. తీగ లాగితే పూడికలో కూరుకుపోతుంది, లేదా ఏ వలకో చుట్టుకుంటుంది. సెల్‌ఫోన్లు వాడే రేడియో తరంగాలు నీటిలోకి దిగిన కొద్ది మీటర్లకే చచ్చుబడిపోతాయి. వెలుతురు సంగతి చెప్పనక్కరలేదు, ఎర్రనీరు వచ్చిన శ్రావణమాసంలో మూరెడు లోతున మన చెయ్యి మనకే కనబడదు. మిగిలినది ధ్వని ఒక్కటే. నీటిలో అది గాలిలోకంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా, ఎన్నో రెట్లు దూరంగా పోతుంది. నీటి అడుగున పనిచేసే మోడెములు, జలాంతర్గాముల సోనార్లు, పూడిక కొలిచే పరికరాలు అన్నీ ధ్వనినే నమ్ముకున్నాయి.

రేడియో నీళ్ళలోకి బొత్తిగా పోదా అని అడిగే చదువరులుంటారు. పోతుంది, తరంగం మరీ పొడుగ్గా ఉంటే. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నౌకాదళం వారి కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగినది అందుకే. అంత కేంద్రం కట్టినా ఆ కబురు సముద్రంలో కొన్ని పదుల మీటర్ల లోతుకే దిగుతుంది. పైగా ఒకవైపు మాట అది. లోపలివాడు వింటాడు తప్ప బదులు చెప్పలేడు.

ఇక్కడిదాకా ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. నేను చెప్పదలచినది ఆ పుస్తకాల్లో లేని సంగతి. ధ్వని నీటిలో ఎలా పోతుందన్న ప్రశ్నకు ఒక జవాబు లేదు, ఎన్ని నీళ్ళున్నాయో అన్ని జవాబులున్నాయి. మన నీళ్ళ జవాబును మనం రాసుకోవడం లేదు.

నాకు తెలిసిన కుర్రవాడొకడు ఎం.టెక్. చదువుతూ ఈ విషయం మీదే ప్రాజెక్టు చేశాడు. హాలియా దగ్గరి పల్లె వాళ్ళది, పుట్టినప్పటి నుంచి సాగర్ కాలువ నీళ్ళు తాగినవాడు. భాషాదోషాలు చూసిపెట్టమని ఆ వ్యాసం నాకిచ్చాడు. చదువుతూ పోతే అతడు పరీక్షించిన పద్ధతి బాగానే ఉన్నది, లెక్కలూ బాగానే ఉన్నవి. నీళ్ళు మాత్రం నార్వేవి. ఆస్లో నగరం ముందున్న సముద్రపు పాయలో ఎవరో రికార్డు చేసిన ధ్వని మీద హాలియా పిల్లవాడి లెక్క నడిచింది. ఇదేమిటని అడిగితే, "మామా, సాగర్ల డేటా ఎవలిస్తరు? ఆ నార్వోళ్ళదైతే నెట్ల దొరుకుతది" అన్నాడు.

అతడి తప్పేమీ లేదు. నార్వే రక్షణ పరిశోధన సంస్థ వారు 2017 ప్రాంతంలో "వాటర్‌మార్క్" పేరుతో ఒక సంకలనాన్ని లోకానికి ఉచితంగా ఇచ్చారు. నీటి అడుగున పంపిన సంకేతం దారిలో ఎన్ని ముక్కలైందో, ఎంత ఆలస్యంగా ఏ ముక్క చేరిందో రికార్డు చేసి, ఎవరి మోడెము పద్ధతినైనా ఆ నీళ్ళలోనుంచి పంపినట్టే పరీక్షించుకొనే వీలు కల్పించారు. అందులో ఉన్నవి ఐదు జలమార్గాలు. నార్వేవి రెండు, ఫ్రాన్సులోని బ్రెస్ట్ రేవుది ఒకటి, హవాయిలోని కవాయి ద్వీపానివి రెండు. చక్కటి పని, చేసినవాళ్ళకు దండం పెట్టాలి. వాళ్ళిచ్చారు గనుక మనవాళ్ళు వాడుకుంటున్నారు. ఇంతవరకు ఫిర్యాదేమీ లేదు. కానీ ఆ ఐదింటిలో ఏదీ మన వేడి నీటి వంటిది కాదు, మన పూడిక వంటిది కాదు, ఎండాకాలానికి ఎనభై అడుగులు దిగిపోయి వానాకాలానికి మళ్ళీ ఎక్కే నీరు అసలే కాదు.

ఈ తేడా ఎంతటిదో కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే విషయమంతా ఇక్కడే ఉన్నది.

ధ్వని వేగం నీటి వెచ్చదనాన్ని బట్టి మారుతుంది. మంచినీటిలో 8 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 1439 మీటర్లు, 20 డిగ్రీల దగ్గర 1482, 30 డిగ్రీల దగ్గర 1509. దీన్ని మొట్టమొదట శ్రద్ధగా కొలిచినది సముద్రంలో కాదు, ఒక మంచినీటి సరస్సులో. 1826లో జెనీవా సరస్సు మీద కొలాడన్ అనే ఆయన, స్టుర్మ్ అనే గణితవేత్తతో కలిసి తలపెట్టిన పని అది. ఒక పడవ నుంచి నీటిలోకి గంట వేలాడదీశారు. గంట కొట్టిన క్షణానే తుపాకిమందు భగ్గున వెలిగే ఏర్పాటు చేశారు. పదమూడు కిలోమీటర్లకు పైగా దూరాన మరొక పడవలో, రాత్రిపూట, పొడుగాటి రేకు బూరను నీటిలో ముంచి చెవి ఆనించి కూర్చున్నారు. మెరుపు కనబడిన తొమ్మిదిన్నర సెకన్లకు గంట వినబడింది. లెక్క వేస్తే సెకనుకు 1435 మీటర్లు తేలింది. నేటి పరికరాలు చెప్పేదానికి నాలుగే మీటర్ల తేడా! రెండు పడవలు, ఒక గంట, ఒక బూర. నీటి ఉష్ణోగ్రతను కూడా రాసుకున్నారు చూడండి, అదీ వాళ్ళ గొప్పతనం. 8 డిగ్రీలని రాసిపెట్టకపోయి ఉంటే ఆ 1435కు ఈనాడు ఏ విలువా ఉండేది కాదు.

సాగర్‌కు వద్దాం. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండకు జలాశయం పైనీరు కాగుతుంది, అడుగునీరు చల్లగానే ఉంటుంది. వెచ్చని పొరలో ధ్వని వేగంగా, చల్లని పొరలో నెమ్మదిగా పోతుంది. అందువల్ల అడ్డంగా పంపిన ధ్వని నిటారుగా పోక, చల్లదనం వైపు, అంటే కిందికి, వంగిపోతుంది. కొంత దూరం పోయాక పైపొరలో ఉన్నవాడికి ఏమీ వినబడని నీడ ఏర్పడుతుంది. పంపినవాడు అరుస్తూనే ఉంటాడు, విననివాడు వినడు. 1930లలో అమెరికా నౌకాదళం వారి సోనార్లు పొద్దున బాగా పనిచేసి మధ్యాహ్నానికి మొరాయించేవట. మొదట భోజనం చేసిన నావికుల కునుకుపాట్లను అనుమానించారని ఒక ముచ్చట చెబుతారు. తీరా చూస్తే ఎండకు కాగిన పైనీరు దోషి. అప్పుడు పుట్టినదే లోతును బట్టి ఉష్ణోగ్రతను గీసిచూపే పరికరం. కరీబియన్ నీళ్ళకే మధ్యాహ్నం అంతటిదైతే, మన మే నెల మధ్యాహ్నం ఎంతటిదో ఎవరైనా కొలవాలి గదా!

మరి అడుగున ఏమున్నది? మన జలాశయాల అడుగున ఊళ్ళున్నవి. సాగర్ కింద ఇక్ష్వాకుల విజయపురి ఉన్నది. 1954 నుంచి 1960 వరకు ఆదరాబాదరాగా తవ్వి, తేగలిగినవి కొండ మీదికి తెచ్చి, మిగతాది నీటికి వదిలిపెట్టారు. శ్రీశైలం కింద కొల్లాపురం, ఆలంపురం ప్రాంతాల పల్లెలున్నవి. గోడలు, మెట్లబావులు, చింతచెట్ల మోడులు. ధ్వనికి ఇవన్నీ అద్దాలు. ఒక్క కేక వేస్తే గోడకు తగిలి ఒకటి, గుట్టకు తగిలి ఒకటి, నీటి పైతలానికి తగిలి ఒకటి, ఇలా అది పది కేకలై ఒకదానిమీద ఒకటి పడుతూ చేరుతుంది. పాడుబడ్డ కోటలో అరిచినవాళ్ళకు ఈ బాధ తెలుసు. మోడెముకు ఇదే ప్రాణసంకటం. మునిగిన చెట్టూ చేమా కుళ్ళి పూడికలో వాయువు బుడగలు చేరుతాయి. పలచని బుడగల పొర చాలు, ధ్వనిని మింగివేయడానికి గానీ తిప్పికొట్టడానికి గానీ. దీనికి తోడు చప్పుళ్ళు. సాగర్ ఆనకట్టకు 26 గేట్లు. వాటిలో నాలుగెత్తిననాడూ అన్నీ ఎత్తిననాడూ అడుగున వినబడేది ఒకటి కాదు. జలవిద్యుత్ కేంద్రంలోని యంత్రాల్లో ఏడు వెనక్కి తిరిగి నీటిని పైకి తోడగలిగినవి. అవి ముందుకు తిరిగేటప్పుడు ఒక రొద, వెనక్కి తిరిగేటప్పుడు మరొక రొద.

నీటి మట్టమే ఒక చోట నిలవదు. సాగర్ నిండుమట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. జూన్‌లో తీసిన కొలత సెప్టెంబరుకు పనికిరాదు, అప్పటికి గుట్టలు దీవులవుతాయి, దీవులు మునుగుతాయి. కాబట్టి ఒకనాడు పోయి ఒక రికార్డు తెచ్చుకొని "సాగర్ దత్తాంశం" అంటే అది పెళ్ళిలో తీసిన ఒక్క ఫొటో చూసి కాపురం గురించి చెప్పినట్టుంటుంది.

నీళ్ళలో మాటలు పంపేది ఎందుకు, మనకేమిటి అవసరం అని అడిగేవారు తప్పక ఉంటారు. అడగవలసినదే.

పూడికతో మొదలుపెడతాను. సాగర్ కట్టినప్పుడు సామర్థ్యం 408 టీఎంసీలు. ఇప్పుడు లెక్కల్లో వాడేది 312. శ్రీశైలం 308తో మొదలై, ఆ తరవాతి కొలతల్లో 263కు, 215కు దిగింది. రెండు రాష్ట్రాలు ట్రైబ్యునళ్ళ ముందు గింజుకునే ఈ అంకెలు ఎలా వచ్చినవి? పడవ మీద తిరుగుతూ నీటిలోకి ధ్వనిని పంపి, అది అడుక్కు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని లోతుగా మార్చి. ఆ మార్చడంలో ధ్వని వేగం కావాలి. 20 డిగ్రీల నీటిలో 1482 వాడవలసిన చోట ఊరికే 1500 అనుకుంటే లోతు నూటికి ఒకటింబావు ఎక్కువ వస్తుంది. 312 టీఎంసీలలో నూటికి ఒకటింబావు అంటే నాలుగు టీఎంసీలకు దగ్గర. నాలుగు టీఎంసీల కోసం మన దగ్గర ఎన్ని బందులు, ఎన్ని పాదయాత్రలు జరగలేదు! సర్వే చేసేవారు వేగాన్ని అక్కడికక్కడే సరిచూసుకొని దిద్దుకుంటారు, అది వాళ్ళ వృత్తిధర్మం, అనుమానించడం లేదు. నా కోరిక వేరు. పత్రికలో నాకు కనబడేది చివరి అంకె ఒక్కటే. ఆ పడవ ఏ దారిన పోయిందో, ఏ రోజు ఏ లోతున నీరెంత వెచ్చగా ఉన్నదో, మూల రికార్డు ఏమిటో, ఆ అంకెతోబాటు అందరికీ తెరిచి పెట్టాలి. అందులో ఉన్నది రహస్యం కాదు, చల్లదనం.

రెండవది ఆనకట్టల భద్రత. శ్రీశైలం ఆనకట్ట ముందు గేట్ల నుంచి దూకే నీరు తొలిచిన గొయ్యి గురించి ఏళ్ళ తరబడి మాట్లాడుకుంటున్నాం. 2009 అక్టోబరు వరద చూసినవాళ్ళకు ఆ భయం కొత్త కాదు. అటువంటి చోట మనిషి మునిగి చూడాలన్నా, యంత్రాన్ని పంపాలన్నా పైవాడితో మాట కలవాలి.

మూడవది చెప్పడానికి నాకు మనసు రావడం లేదు, కానీ చెప్పాలి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కూలింది. శ్రీశైలం నీటిని కొండ కింద 44 కిలోమీటర్లు నడిపించి ఫ్లోరైడు నల్లగొండకు చేర్చాలన్న సొరంగం అది. నోటి ముందు నుంచి పదమూడు, పద్నాలుగు కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకున్నారు. ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్ల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్ళు. నీరు, బురద, రాయి కలిసిన ముద్ద వాళ్ళకూ లోకానికీ మధ్య అడ్డుపడింది. హైదరాబాదు భూభౌతిక పరిశోధన సంస్థ నుంచి భూమిలోకి చూసే రాడార్ తెచ్చారు, కేరళ నుంచి కుక్కల్ని తెచ్చారు. రాడార్ కూడా రేడియో జాతిదే, తడి బంకమట్టిలో అది ఎక్కువ లోతు చూడలేదు. ఏప్రిల్ దాకా సాగిన వెదుకులాటలో ఇద్దరి దేహాలు మాత్రమే దొరికినవి. ధ్వని ఉండి ఉంటే వాళ్ళు బతికేవారని అంటే అది అబద్ధమూ, చనిపోయినవారికి అన్యాయమూ. నేనంటున్నది ఇంతమాత్రమే. పాలమూరు కొండల కింద మనం సొరంగాలు తవ్వుతున్నాం, నల్లమల నీటిలో మునిగే పనులు చేస్తున్నాం. అటువంటి అడ్డు వచ్చిననాడు తట్టిన చప్పుడు ఎంత మందం దాటి వినబడుతుందో, ఏ శ్రుతిలో తడితే దూరం పోతుందో, ఆనాటికి ముందే ఎవరో తీరికగా కొలిచి పెట్టి ఉండాలి. ప్రాణం మీదికి వచ్చాక కొలవడానికి వ్యవధి ఉండదు.

సముద్రం లేని రాష్ట్రానికి ఈ చదువు దేనికని కూడా ఒకాయన నాతో అన్నాడు. సముద్రం ఉన్న కేరళలో, కొచ్చి నౌకా పరిశోధనశాలవారు తమ సోనార్లను పరీక్షించడానికి తీరం వదిలి ఇడుక్కి జలాశయం మీద కుళమావుకు కొండలెక్కి పోయారు. 2024లో అక్కడ నీటిలోకి దింపగల పెద్ద వేదికను కూడా తేల్చారు. లోతుగా, నిశ్శబ్దంగా, ఓడల రాకపోకలు లేకుండా ఉండే నీరు కావాలి గనుక. ఆనకట్ట కట్టిన నది ఇటువంటి పనికి సముద్రం కంటే నయం. దూరం తెలుసు, మట్టం రోజూ తెలుసు, యంత్రాలు ఎప్పుడు తిరిగినవో గంటల వారీగా రాసి ఉంటుంది. ఇన్ని తెలిసిన ప్రయోగశాలను ఎవరూ కొత్తగా కట్టలేరు. మనకు కట్టి ఉన్నది.

భద్రత మాటేమిటంటారా? ఆనకట్ట పునాది దగ్గర ఎవరు పడితే వారు పరికరాలు దింపడానికి వీల్లేదు, నిజమే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఒడ్డునే నీళ్ళున్నవి, మొసళ్ళున్నవి, చేపలున్నవి. గట్టి చప్పుళ్ళతో వాటిని హింసించకూడదు. ఇవి నియమాలు పెట్టుకోవడానికి కారణాలు, పని మానుకోవడానికి కావు. గట్టు నుంచి దూరంగా, సన్నటి చప్పుడుతో, అనుమతి కాగితంతో చేయదగిన పనే ఇది.

ఆ కుర్రవాడితో కలిసి నేనొకసారి పానగల్లు ఉదయసముద్రం గట్టు మీదికి వెళ్ళాను. అతడు పోగుచేసిన డబ్బుతో కొన్న నీటి మైకు ఒకటి ఉన్నది. పంపేదేమీ లేదు, వినడమే. మైకును తాడుకు కట్టి దింపి, చెవులకు తగిలించుకొని ఇద్దరం వంతులవారీగా విన్నాం. పుస్తకాలు చదివి నీటి అడుగు నిశ్శబ్దమనుకున్నవాడికి అది పెద్ద పాఠం. దూరాన ఎక్కడిదో మోటారు రొద సన్నగా, ఎడతెగకుండా. గట్టున ఎవరో బట్ట ఉతుకుతుంటే ఆ దెబ్బ గాలిలో వినబడేలోపు మైకులో "టప్పు"మన్నది. నడుమ వేయించిన బొరుగుల చిటపటలాంటిదేదో. కాసేపటికి పుట్టి మీద ఒక జాలరి వచ్చి, వల వేసి, తెడ్డుతో నీటిని బాదడం మొదలుపెట్టాడు. చప్పుడుతో చేపల్ని వల వైపు తోలే పద్ధతి. ఆ దెబ్బలకు కుర్రవాడు ఉలిక్కిపడి చెవుల నుంచి తీసేశాడు. తరవాత మాటల్లో ఆ జాలరి చెప్పినది నాకు బాగా గుర్తు. పొద్దున బాదితే చేప దూరం నుంచే కదులుతుందట, మిట్టమధ్యాహ్నం బాదితే దగ్గరిది కూడా కదలదట. "ఎండకు మబ్బుగుంటదయా చాప" అన్నాడు. అది చేప బద్ధకమో, కాగిన పైనీరు ధ్వనిని కిందికి వంచివేయడమో నాకు తెలియదు. అమెరికా నౌకాదళం వారు కూడా మొదట బద్ధకమే అనుకున్నారు గదా! కొలిస్తే తేలుతుంది.

ఆరోజు కుర్రవాడు రాసుకున్న పద్ధతి నాకు నచ్చింది. ధ్వని ఫైలు ఎప్పుడైనా దొరుకుతుంది, దాని చుట్టూ ఉన్నది పోతే మళ్ళీ రాదు. గడియారం సెకనుతో సహా, గాలి ఎటు నుంచో, ఒక్కొక్క మీటరుకు తాడుతో దింపిన థర్మామీటరు ఏమన్నదో, గట్టు మీద మట్టం పలక ఎంత చూపిందో, మైకు ఏ లోతున ఉన్నదో, అడుగున బురదా రాయా, ఎవరు బట్టలుతికారో కూడా రాశాడు. ఫైలును శుభ్రం చేయబోతే వద్దన్నాను. చెత్త అనుకొని మనం తీసేసినది రేపు మరొకడికి ధాన్యం కావచ్చు.

సాహిత్యం చదివే మిత్రులకు ఈ మాట కొత్తగా తోచదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తి పదకోశం తలపెట్టినప్పుడు చేసినది ఇదే. 1962లో వ్యవసాయ పదాల సంపుటం వచ్చింది, 1971లో చేనేతది. నాగలిలోని ఏ భాగాన్ని ఏ ఊళ్ళో ఏమంటారో ఊళ్ళకు పోయి రైతుల్నడిగి రాసుకున్నారు. ఊరి పేరు లేకుండా మాట ఒక్కటే రాసుకొని ఉంటే అది పదాల మూట అయ్యేది గానీ పదకోశం అయ్యేది కాదు. ఏదో ఒక పెద్ద నిఘంటువులో నాగలికి సంస్కృత పర్యాయపదాలు చూసుకొని ఇదే తెలుగు రైతు భాష అని కూర్చోవడం సులువు. మన ఇంజనీర్లు నార్వే నీళ్ళతో చేస్తున్నది అదే. ఆ పదకోశం వెనుక పల్లెల వెంట తిరిగిన విద్యావంతులకు ఇచ్చిన గౌరవం, పడవెక్కి థర్మామీటరు దింపే విద్యార్థికి మన కళాశాలల్లో లేదు. కంప్యూటరు ముందు కూర్చొని కల్పించిన నీటిలో కల్పించిన చప్పుడు పంపి కల్పించిన ఫలితం సాధించినవాడికి ఒక సెమిస్టరులో పట్టా వస్తుంది. నీటి మీదికి పోయినవాడికి అనుమతి కాగితం రావడానికే ఆ సెమిస్టరు సరిపోతుంది. ఇటువంటప్పుడు ఏ తెలివైన పిల్లవాడు పడవెక్కుతాడు?

ఇక్కడ మన కుటుంబానికి, అంటే యూనికోడ్ తెలుగు రాసుకునే మనవాళ్ళకు, ఒక పిడకలవేట. నాటో వారు 2017లో నీటి అడుగు మోడెములన్నీ ఒకదానితో ఒకటి పలకరించుకోవడానికి "జానస్" అనే ప్రమాణాన్ని ఆమోదించారు. దాని వేగం సెకనుకు ఉరమరగా 80 బిట్లు. యూనికోడ్‌లో మన అక్షరాన్ని యూటీఎఫ్-8 పద్ధతిలో పంపితే ఒక్కొక్క సంకేతానికి 24 బిట్లు. "నల్లగొండ" అనడానికి గుణింతాలూ పొల్లూ కలిపి ఎనిమిది సంకేతాలు, 192 బిట్లు. అంటే ఊరి పేరు చెప్పడానికే రెండున్నర సెకన్లు! ఆంగ్లంలో రాసుకునేవాడు ఆ వ్యవధిలో ఊరి పేరూ జిల్లా పేరూ చెప్పి ఊరుకుంటాడు. ఒకప్పుడు ఫాంట్లకోసం పడిన పాట్లు తీరినవనుకున్నాం, నీళ్ళ కింద మళ్ళీ మొదలన్నమాట.

దీనికి నిధులు కావాలనీ, పెద్ద సంస్థ కావాలనీ నేననుకోవడం లేదు. ఒక చోటును ఎంచుకోవాలి. సాగర్ వెనుకనీళ్ళలో కావచ్చు, కొల్లాపురం దగ్గర సోమశిలలో కావచ్చు, జూరాలలో కావచ్చు. ఏడాదిలో నాలుగుసార్లు, సంక్రాంతికి, ఉగాది దాటాక నడివేసవిలో, తొలి వరదకు, దసరా దాటి నీరు తేరుకున్నాక, అదే చోట, అదే దూరాన, అదే చప్పుడును పంపి వినాలి. కిలోమీటరు దూరానికి మూడింట రెండు వంతుల సెకను పడుతుంది, ఆ కాస్త సమయంలో ధ్వని ఎన్ని ముక్కలయిందో చూడాలి. చుట్టూ ఉన్నదంతా రాసి, కల్తీ లేకుండా జాలంలో పెట్టాలి. మూడేళ్ళు చేస్తే పన్నెండు రికార్డులు. నార్వేవాళ్ళు ఐదు జలమార్గాలతో లోకమంతటికీ కొలబద్ద ఇచ్చారు, వేడి నేల మీది ఆనకట్టల నీరున్న దేశాలకు కొలబద్ద మన పాలమూరు, నల్లగొండల నుంచి పోకూడదని ఏమున్నది? ఆ నీళ్ళతో పోల్చుకోదగిన జలాశయాలు ఆఫ్రికాలో, బ్రెజిల్‌లో బోలెడు.

ప్రభుత్వ శాఖలవారు దీన్ని చదువుతారనే భ్రమ నాకు లేదు. కానీ చదువరుల్లో నీటిపారుదల, జలవిద్యుత్ కొలువుల్లో ఉన్నవాళ్ళో, వాళ్ళ బంధువులో ఉంటారని తెలుసు. మీ గట్టు మీద నుంచి ఒక తాడుకు మీటరు మీటరుకూ ముడివేసి, కొసన థర్మామీటరు కట్టి, నెలకొకసారి పొద్దున ఒకమారు, మధ్యాహ్నం రెండింటికి ఒకమారు దింపి, లోతూ వెచ్చదనమూ, ఆనాటి మట్టమూ రాసి పంపగలరా? చప్పుడు పంపే పని తరవాత, ఎవరి అనుమతీ పెద్దగా అక్కరలేని పని ఇది. ప్రతి లోతున థర్మామీటరును రెండు నిమిషాలైనా ఉంచాలి, పైకి లాగేటప్పుడు అంకె మారిపోకుండా చిన్న సీసాలో నీటితో సహా పైకి తేవాలి. సీసా మూతకు ఇంకో దారం కట్టి లోపల తెరుచుకునేలా చేసే కిటుకు ఆ కుర్రవాడు కనిపెట్టాడు, బొమ్మ గీసి వచ్చే టపాలో పెడతాను.